మావ ఏరిపెట్టిన సలహాలు

మా మావ పోయి నెల దాటింది. ఈ నెలలో నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. కూర పొయ్యి మీద పెట్టి బాల్కనీలోకి వెళ్తాను. అక్కడ నిలబడితే తలుపు వేశానో లేదో అనిపించి లోపలికొస్తాను. లోపలికొచ్చాక ఎందుకొచ్చానో గుర్తుండదు. కాశీబుగ్గలో మా ఇంటి ముందు జీడిపిక్కల బస్తాలేసుకుని ఆటోలు పోతూనే ఉంటాయి, వాటిని చూస్తాను. ఫోను తీస్తాను, పెడతాను, మళ్ళీ తీస్తాను. నిన్న ఏదో పచ్చడి చేసే పద్ధతి చూస్తుంటే అది అయిపోయి దానంతటదే ఇంకో వీడియో మొదలైంది. కోటు వేసుకున్న ఒకాయన నా వైపు వేలు చూపించి, "మీ జీవితాన్ని మార్చేసే ఒకే ఒక్క అలవాటు!" అన్నాడు. నా నోట్లోంచి ఠక్కున వచ్చేసింది: "ముందు నువ్వా కోటు ఇప్పరా బాబూ, సూత్తే మాకే ఉక్కపోత్తంది."

అది నా మాట కాదు. నేనలా మాట్లాడను కూడా. అది మావ మాట, మావ యాస. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, పచ్చడి సంగతి మర్చిపోయాను.

మనిషి పోయినందుకు ఏడవడం వేరు, పాత జబ్బు తిరగబెట్టడం వేరు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఎవరైనా పలకరిస్తే చిరాకు. నాది ఈ రెండింట్లో ఏదో తేల్చుకోలేక గదిలోంచి గదిలోకి తిరుగుతున్నాను. ఇలాంటివి తేల్చడానికి నాకున్న ఒక్క మనిషీ వెళ్ళిపోయాడు.

మావ అంటే మా అమ్మకి అన్నయ్య. ఉద్దానంలో, సముద్రానికి దగ్గర్లో ఊరు. కొబ్బరి, జీడి, పనస తోటల మనిషి. ఆయన్ని కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. కుర్చీ వేస్తే దాని వెనక నిలబడి వీపు భాగం మీద మోచేతులు ఆనించేవాడు. టీ నిలబడే తాగేవాడు. భోజనానికి కూర్చున్నా ఒక మోకాలు పైకి లేచే ఉండేది, ఎవరైనా పిలిస్తే లేచిపోవడానికి. చొక్కా జేబులో ఫోను, ఆ ఫోన్లో ఎప్పుడూ ఎవడో ఒకడు ఉపన్యాసం. మావ కనిపించకముందే జేబు వినిపించేది. "భయాన్ని జయించండి!" అని జేబు గుమ్మంలోకి వచ్చేది. దాని వెనకే, "ఎలగరా? అది సెప్పకుండా జయించండంటావేటి?" అంటూ మావ వచ్చేవాడు. అలా వాళ్ళతో పోట్లాడుతూనే, ఒక్కడి మాట వదలకుండా చివరిదాకా వినేవాడు.

ఎందుకంటే మావకి డిప్రెషన్ వచ్చింది, నాకంటే ముందే. తుపానుకి కొబ్బరిచెట్లు పడిపోయాక వచ్చిందని అత్త అంటుంది. చెట్లు ఊరందరివీ పడ్డాయి, నాకొక్కడికే ఎందుకొచ్చిందని మావ అడిగేవాడు. జబ్బు పేరు మాత్రం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. "మోటారు ఆడట్నేదు" అనేవాడు. బోరుంది, నీళ్ళున్నాయి, కరెంటుంది, మోటారు మాత్రం ఆడట్లేదు, అంతే. చూపించుకోవడానికి విశాఖపట్నం వెళ్ళాడు. టెక్కలిలో అయితే తెలిసినవాళ్ళు ఎవరో ఒకరి కంట పడతాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకి బీపీ అని చెప్పాడు. పంచాయతీ ఎన్నికల్లో నిలబడి, ఓడి, మళ్ళీ నిలబడాలనుకుంటున్న మనిషి. పిచ్చని పేరొస్తే రచ్చబండ దగ్గర తన మాట ఎవడు వింటాడని ఆయన భయం.

నాకొచ్చింది బడులు తెరిచే రోజుల్లో. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. ఒక ఉదయం చీర కట్టుకుని, జడ వేసుకుని, మంచం మీద కూర్చుని, చెప్పులు వేసుకోలేకపోయాను. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. వాటిని చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మా ఆయన టెక్కలి తీసుకెళ్ళాడు. అక్కడి ఆస్పత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసి, "వీటితోపాటు మీ అంతట మీరు చేసుకోగలిగినవి కూడా ఉంటాయి. నడక, ఊపిరి మీద ధ్యాస పెట్టడం, మంచి పుస్తకాలు. మీకు పనికొచ్చేవి చూసుకోండి" అంది.

ఆ పనికొచ్చేవి ఏవో తెలుసుకోవడమే నాకు పెద్ద జబ్బయి కూర్చుంది. ఫోన్లో వెతికితే ఒకడు చన్నీళ్ళు పోసుకోమంటాడు, ఒకావిడ పంచదార మానమంటుంది, ఇంకొకడు తెల్లారకముందే లేచి పరిగెత్తమంటాడు. చెప్పులే వేసుకోలేని దాన్ని ఎలా పరిగెత్తను? ఒకాయన ఎంతో మెత్తటి గొంతుతో, "బాధపడటం మీ ఎంపిక" అన్నాడు. అది విని రోజంతా ఏడ్చాను. నేనే ఎంచుకున్నానా దీన్ని, కొట్లో చీర ఎంచుకున్నట్టు?

ఆ సాయంత్రం మావ ఒక పనసకాయ భుజాన వేసుకుని వచ్చాడు. కాయ మూల పడేసి, నా మొహం చూసి, చెయ్యి చాపాడు.

"ఏటి సూత్తన్నావు గుంటా? ఇలగియ్యి." పెళ్ళయినా ఆయనకి నేను గుంటనే, చిన్నపిల్లనే.

ఆ మెత్తటి గొంతు ఆయన్ని మొత్తం విన్నాడు, నిలబడే. విన్నాక బొటనవేలూ చూపుడువేలూ కలిపి, వాటి మధ్య ఏదో ఉన్నట్టు నలిపాడు. నలిపి ఎడమ పక్కకి విసిరేశాడు.

"పుచ్చు" అన్నాడు.

మా వైపు జీడిపప్పు ఏరడం తెలియని ఇల్లుండదు. కాల్చి, పిక్క కొట్టి, వేళ్ళతో నలిపి పైపొట్టు తీశాక పప్పుని కుప్పలు వేస్తారు. చెక్కుచెదరనిది గుండు. రెండుగా విడిపోయింది బద్ద. విరిగింది ముక్క. పురుగు తిన్నది పుచ్చు, అది బయటికి. మావ ఇంటి వెనక షెడ్డులో ఆడవాళ్ళు రోజంతా చేసేది ఆ పనే. మావ ఆ వేళ్ళతోనే సలహాలు ఏరడం మొదలుపెట్టాడు. పుస్తకాలైతే పలాస స్టేషన్లో కొనుక్కొచ్చి, పనికొచ్చిన పేజీలు చింపి దాచి, మిగతాది అత్తకి ఇచ్చేసేవాడు. అత్త దాంతో పొయ్యి అంటించేది. "ఈ పుత్తకం బాగా మండుతంది, ఇలాటిదే ఇంకోటి కొను" అనేది.

"అయిదింటికి లెగమంటన్నాడా?" అనేవాడు నాతో. "అయిదు తీసీ. లెగడం ఉంచు. ముక్క సాలు గుంటా. పాయసంలోకి గుండే ఎయ్యాలని ఎవుడు సెప్పేడు?"

అద్దం ముందు నిలబడి నేను సింహాన్ని అనుకోవాలని ఒకడు చెబితే మావ నిజంగానే నిలబడ్డాడు. వెనక నుంచి అత్త వచ్చి, "సింహానికి గెడ్డం గీసుకోవాలని నేదేటి?" అందట. అది పుచ్చులోకి పోయింది. ఊపిరి లెక్క పెట్టే పద్ధతి బద్ద. పీల్చడం దగ్గర లెక్క తప్పి ఆయాసం వచ్చిందిగానీ, మెల్లగా వదలడం బాగుందని ఆ సగమే ఉంచుకున్నాడు. నాకూ ఆ సగమే నేర్పాడు, ఇప్పటికీ అదే చేస్తాను. రోజుకిన్ని మంచి సంగతులు చెప్పుకోవాలన్నది మాత్రం గుండులో వేశాడు. సాయంత్రం ఫోను చేసేవాడు.

"మోటారు ఆడతందేటి?"

"లేదు మావా."

"ఇయ్యాల మంచి ఏటి?"

"ఏం లేదు."

"పప్పులో ఉప్పు సరిపోయిందేటి?"

"సరిపోయింది."

"అదొకటి" అని పెట్టేసేవాడు.

సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా నడవమని ఎక్కడో విని ఒకరోజు నన్ను కూడా లాక్కెళ్ళాడు. తల దించుకుని, అడుగులు చూసుకుంటూ ఇద్దరం నడుస్తున్నాం. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు చూశారు. తోటలున్న పెద్దమనిషి ఇసక మీద అలా తల దించుకుని తిరుగుతుంటే వాళ్ళకేం తోస్తుంది? ఒకతను లేచి వచ్చాడు.

"ఏటి పోయింది బాబూ?"

మావ నా వైపు చూశాడు. మనసు బాగోలేక నడుస్తున్నామని ఎలా చెబుతాడు? "ఉంగరం" అన్నాడు.

అంతే, వలలు వదిలేసి అందరూ వచ్చేశారు. ఆడవాళ్ళు బుట్టలు దించి వచ్చారు. ఇసక చేతులతో జల్లెడ పట్టినట్టు పట్టేశారు. ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, మీ అత్తారు పెట్టిందా అని ప్రశ్నలు. మావ అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెబుతున్నాడు. రాయి ఎరుపంటాడు, పెళ్ళిలో పెట్టిందంటాడు. నేనూ ఒంగి వెతకడం మొదలుపెట్టాను. లేదని తెలిసి కూడా శ్రద్ధగా వెతికాను. ఒక ముసలావిడ నా పక్కన కూర్చుని, "దొరక్కపోతే పోనీయమ్మా, ఏలు ఉన్నాది కదా" అంది. ఎన్నాళ్ళ తర్వాతో నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఆకలేసింది, రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. అత్త వడ్డిస్తుంటే మావ ఆ ఇసక నడకని ఏ కుప్పలో వెయ్యాలో తేల్చుకోలేక వసారాలో అటూ ఇటూ తిరిగాడు.

"మనిద్దరం నడిత్తే అది ముక్కే. అంతమంది ఎతికేరు సూడు, అదీ గుండు" అన్నాడు చివరికి.

అలా రోజులు కాస్త తేలికపడ్డాయి. నేను మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం మావ వచ్చి, టేబుల్ మీదున్న నా మాత్రల అట్ట తీశాడు. దాన్ని కూడా వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇయ్యి ఇంకా మింగుతన్నావేటి?"

"డాక్టరమ్మ మింగమంది కదా."

"నాను మానేసేను. పుచ్చు ఇయ్యి."

ఇది బయటివాళ్ళకి అర్థం కాదు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. మనిషి మనిషికి ఎదురైతే బాగున్నావా అని కాదు, క్రియాటినిన్ ఎంతొచ్చిందని అడుగుతారు. చదువు రాని వాళ్ళక్కూడా ఆ పరీక్ష పేరు వచ్చు. పొద్దున్నే డయాలసిస్‌కి పలాస వచ్చే బస్సులో ముందు సీట్లు ఎవరివో అందరికీ తెలుసు. ఒళ్ళు నొప్పులకి దుకాణంలో మాత్రలు కొని మింగొద్దని ఏళ్ళ తరబడి చెప్పారు, ఊళ్ళు విన్నాయి, ఎంత విన్నాయంటే ఏ మాత్ర చూసినా కిడ్నీయే గుర్తొచ్చేంత. మావ పక్కింటి మనిషి, చిన్ననాటి స్నేహితుడు, ఆ జబ్బుతోనే పోయాడు.

"మాత్ర మాత్రే గుంటా. రంగు మారితే ఏటి? తలకాయ బాగు సేసుకుని కిడ్నీలు పోగొట్టుకుంటామా? నడకుంది, ఊపిరుంది, మంచి మాటలున్నాయి. గుండుపప్పులాటివి ఇన్ని ఏరుకున్నాం. మనకింకా ఇయ్యెందుకు?"

అప్పటిదాకా ఆయన ఏరింది ఒక్కటీ తప్పలేదు. ఇదీ తప్పదనుకున్నాను. మర్నాటి నుంచి మానేశాను. మొదట బాగానే ఉంది, పైపెచ్చు హుషారుగా కూడా ఉంది. ఇద్దరం ఫోన్లో గొప్పలు చెప్పుకున్నాం. తర్వాత తుపాను వానలు మొదలయ్యాయి. ఒకరోజు స్కూలుకి సెలవు పెట్టాను, మర్నాడు సెలవు చెప్పడం కూడా మానేశాను. నడక పోయింది. ఊపిరి వదలడం గుర్తే లేదు. సాయంత్రం పూట ఫోను రావడం ఆగిపోయింది, అది ఆగిపోయిందని కూడా నేను గమనించలేదు. అప్పుడు అత్త ఫోను చేసింది.

"ఒలమ్మా, మీ మావ ఫోన్ని తిట్టడం మానేసేడే" అంది. "ఆడు వాగుతన్నాడు, ఈయన అలగే సూత్తన్నాడు. నువ్వొకసారి రాగలవేటి?"

వస్తానన్నాను. వెళ్ళలేకపోయాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

వెళ్ళకపోయేసరికి ఆయనే వచ్చాడు. జేబు వినిపించలేదు. తలుపు తీస్తే తడిసిపోయి గుమ్మంలో ఉన్నాడు. లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, వీపు ఆనించి, రెండు కాళ్ళూ చాపి. తువ్వాలు ఇస్తే తుడుచుకోకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీకూ ఆగిపోయిందేటి?" అన్నాడు.

"ఆగిపోయింది."

"మాత్రలు?"

"నువ్వు చెప్పావు కదా మావా. మానేశాను."

ఆయన తన బొటనవేలూ చూపుడువేలూ చూసుకున్నాడు. తర్వాత, ఎవరూ అడగని మాట, మా ఆయన కూడా అడగడానికి భయపడ్డ మాట, నేరుగా అడిగేశాడు.

"సచ్చిపోవాలనిపిత్తందేటి?"

అడిగినందుకే సగం బరువు దిగింది. "అప్పుడప్పుడు" అన్నాను.

"నాకూ" అన్నాడు. ఆ మాట అని, తనే ఉలిక్కిపడ్డట్టు లేచి నిలబడ్డాడు. "నాను తప్పు ఏరేను. నిన్ను కూడా ముంచేసేను. లెగు. టెక్కలి ఎల్దాం. సీర మార్సక్కర్నేదు, లెగు."

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా కూడా ఆగలేదు, దారిలో ఫోను చేసి చెప్పాడు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. మావ టెక్కలి దాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. నందిగాం దాటాక ఒంగి నా చెవిలో చెప్పాడు: "నువ్వు లోపలికెల్లి సూపించుకో. నాను ఎదర కొట్టుకాడ టీ తాగుతుంటాను." ఆయన భయం నాకు తెలుసు కాబట్టి సరేనన్నాను.

ఆస్పత్రి హాలు నిండా జనం. లోపలికెళ్ళి డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఎలా ఉన్నారని అడిగింది. మాత్రలు వాడుతున్నారా అంది. తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఆపారు అంది. అక్కడ మావ పేరు చెప్పాలి. చెప్పలేను. చెప్పకపోతే ఆవిడకేం తెలుస్తుంది? కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. ఆవిడ అటెండరుని పిలిచింది. అతను తలుపు బార్లా తీసి హాల్లోకి కేకేశాడు.

"ఈవిడతోటి వచ్చినోలెవులు?"

ఎవరూ లేవలేదు. మళ్ళీ కేకేశాడు. వీధి గుమ్మం దగ్గర టీ గ్లాసుతో మావ కనిపించాడు. ఆయన వెళ్ళిపోతే బాగుండునని కూడా అనిపించింది నాకు. తలుపు పక్కన బెంచీ మీద కూర్చున్న ఒకతను ఆయన్ని చూసి గబుక్కున లేచాడు. మావ ఊరివాడే. తల్లిని తీసుకొచ్చినట్టున్నాడు.

"ఏటి బాబూ, మీరేటి ఇలగొచ్చేరు?"

మావ అతని వైపు చూశాడు. చేతిలో గ్లాసుని కిటికీ మీద పెట్టాడు. జనాన్ని దాటుకుంటూ లోపలికొచ్చి నా కుర్చీ వెనక నిలబడి, దాని మీద రెండు చేతులూ ఆనించాడు.

"నానేనండి మానిపించేను" అన్నాడు డాక్టరమ్మతో. "కిడ్నీలు పోతాయని సెప్పేను. ఈ గుంటది నా మాట ఇన్నాది. దీని తప్పేటీ నేదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగడం వేరని, ఇవి రక్తపరీక్ష చూసుకునే రాసిందని, కావాలంటే ఇవాళే మళ్ళీ చేయిస్తానని, అనుమానమొస్తే వచ్చి అడగాలిగానీ ఉన్నట్టుండి ఆపకూడదని చెప్పింది. నడకా, పుస్తకాలూ మానొద్దంది, మాత్రల బదులు అవి చాలవంది. మావ బుద్ధిగా విన్నాడు. ఒక్క మాటకీ ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి చూశాను. నా చీటీ రాయడం అయిపోయింది. నేను లేచాను. ఆయన లేవనివ్వలేదు, భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"మరి నాకూ రాయండి" అన్నాడు.

అటెండరు కొత్త చీటీ తీసి, తలుపు దగ్గరే నిలబడి, హాలంతా వినబడేలా అడిగాడు. "పేరు? ఊరు? జబ్బేటి, బీపీయేనా?"

తలుపు తెరిచే ఉంది. ఊరివాడు తల్లి చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. మావ అటు తిరిగాడు. ఇంటిపేరుతో సహా పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. అడక్కుండానే తండ్రి పేరు చెప్పాడు.

"బీపీ కాదు" అన్నాడు. "మనసు బాగోనేదు. అలగే రాయి."

ఆ తర్వాత మావ చాలాకాలం బతికాడు. ఎన్నికల్లో మళ్ళీ నిలబడ్డాడు, మళ్ళీ ఓడిపోయాడు, ఓడించినవాణ్ణి తిట్టుకుంటూ హాయిగా తిరిగాడు. పోయింది గుండె ఆగి, పట్టపగలు, పనసచెట్ల మధ్య. కిడ్నీలు చివరిదాకా నిక్షేపంగా ఉన్నాయి.

ఇది ఏడుపో జబ్బో తేల్చుకోవడానికి రేపు నేను టెక్కలి వెళ్తున్నాను. మా ఆయన తోడొస్తానన్నాడు. వద్దన్నాను. అక్కడ పేరడిగితే నేనే చెప్పుకుంటాను.